డిగ్రీలో ద్వితీయ భాష, విదేశీ భాష, ప్రపంచ సంస్కృతుల కోర్సు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు దేన్ని ఎంచుకోవాలి?

డిగ్రీ ప్రవేశాల రోజుల్లో మా కళాశాల వరండాలో బల్ల వేసుకొని కూర్చునే నాకు ఏటా ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. మేజర్ సబ్జెక్టు దగ్గర అరగంట తర్జనభర్జన పడిన కుటుంబం, ద్వితీయ భాష అనే గడి దగ్గరికి వచ్చేసరికి అరనిమిషం కూడా ఆగదు. కిందటేడు పొదలకూరు వైపు నుంచి కూతురిని వెంటబెట్టుకొని వచ్చిన ఒక తండ్రి, ఆ గడి మీద నేను వేలు పెట్టగానే, "దేంట్లో మార్కులు బాగా పడతాయో అది రాసేయండి సార్" అన్నారు. ఆ అమ్మాయి మాత్రం గొంతు తగ్గించి, "జపనీస్ ఏమన్నా ఉందా సార్?" అని అడిగింది. తండ్రి అడిగింది మార్కుల జాబితా గురించి, కూతురు అడిగింది కొన్నేళ్ల పని గురించి. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లనే చాలామంది ఎంపిక తప్పుతున్నారని నా అభిప్రాయం.

ముందుగా గంటల లెక్క చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్య ప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్సుకు 160 క్రెడిట్లు కావాలి. మేజర్, మైనర్ సబ్జెక్టులు కాక, అందులో భాషలకు ఎనిమిది క్రెడిట్లనూ, విద్యార్థి తన శాఖకు వెలుపల చదవాల్సిన బహుళ విషయక కోర్సులకు తొమ్మిది క్రెడిట్లనూ కేటాయించారు. ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల పాఠం కనుక, మూడు క్రెడిట్ల కోర్సు నలభై ఐదు గంటల్లో ముగుస్తుంది. ఇక భాష వైపు నుంచి చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖవారి శిక్షణ సంస్థ, ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న ఉద్యోగి వృత్తికి సరిపడే స్థాయి అందుకోవడానికి ఫ్రెంచికి సుమారు 750 తరగతి గంటలు, జర్మన్‌కు 900, హిందీ, తమిళం, మన తెలుగు వంటి వాటికి 1,100, జపనీస్, కొరియన్, అరబిక్, చైనీస్ భాషలకు 2,200 పడతాయని అంచనా కట్టింది. 2,200 గంటలను నలభై ఐదేసి చొప్పున పంచుకుంటే నలభై తొమ్మిది సెమిస్టర్లవుతాయి. అంత ఓపిక మన పరీక్షల విభాగానికి కూడా ఉండదు. తెలుగువాడికి ఈ అంకెలు యథాతథంగా వర్తించవు, కొన్ని చోట్ల మనకు దారి దగ్గర, కొన్ని చోట్ల దూరం. అయినా కొలత అర్థమవుతుంది: ఒక సెమిస్టరు కోర్సుతో భాష రాదు, భాషకు పునాది మాత్రం పడుతుంది.

అందువల్ల ఏ భాష అన్న ప్రశ్నకన్నా ముందు, భాషా కోర్సా, సంస్కృతి కోర్సా అన్నది తేల్చుకోవాలి. కోర్సు అయిపోయాక కూడా రోజుకు అరగంట చొప్పున రెండు మూడేళ్లు కొనసాగించే ఉద్దేశం ఉన్నవారికి భాషా కోర్సు తగినది. ఆ ఉద్దేశం లేనివారు నలభై ఐదు గంటల్లో పలకరింపులు, అంకెలు, వారాల పేర్లు నేర్చి, మరుసటి వేసవికి అవి కూడా మరచిపోతారు. సంస్కృతి కోర్సు అలా కాదు. ఒక దేశం ఏం తిన్నది, ఎవరిని కొలిచింది, ఎవరితో వ్యాపారం చేసింది, ఎక్కడ తగువు పడింది అన్న విషయాలను తెలుగులోనో ఇంగ్లిషులోనో చదివి నలభై ఐదు గంటల్లో ఒక కొలిక్కి తీసుకురావచ్చు. గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారికీ, పత్రికారంగం, పర్యాటకం వైపు చూసేవారికీ నేను నిస్సంకోచంగా సంస్కృతి కోర్సునే సూచిస్తాను.

ప్రపంచ సంస్కృతి అనగానే ఎక్కడో దూరదేశపు విషయమని మన పిల్లలు జంకుతారు. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాత ఇటుక కట్టడం అడ్డుపడితే, తవ్విన చోట ఒక కుండ దొరికింది. దాని నిండా రోమన్ చక్రవర్తుల కాలపు బంగారు నాణేలు. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం ఇప్పటికీ నిలిచి ఉంది, ఆ రేవు గురించి వెనిస్ యాత్రికుడు మార్కో పోలో కూడా రాశాడు. వీటన్నిటికన్నా నాకు ముచ్చటైనది ఒంగోలు ఎద్దు కథ. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఒంగోలు జాతి పశువులు అక్కడ "నెలోరె" అన్న పేరుతో స్థిరపడ్డాయి. నేడు ఆ దేశపు మాంసపు పశువుల్లో అధికభాగం ఆ జాతివో, దాని సంకరాలో. పోర్చుగీసు మాట్లాడే రైతు రోజూ మన ఊరి పేరు పలుకుతున్నాడు, మన విద్యార్థికి ఆ సంగతి తెలియదు. మంచి సంస్కృతి కోర్సు ఇటువంటి ముడులను విప్పి చూపాలి. దేశం, రాజధాని, జెండా, పండుగ అని పట్టికలు వల్లె వేయించే కోర్సైతే దాని జోలికి పోనక్కరలేదు. సిలబస్ ప్రతిని అడిగి తీసుకొని, విద్యార్థి చేత ఒక్క పుస్తకమైనా మొదటినుంచి చివరిదాకా చదివిస్తున్నారా లేదా అన్నది చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇంటి దగ్గరి భాషలు

సంస్కృతం సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మన దగ్గర ఇంటర్ నుంచే అది మార్కుల పంట. జవాబులు తెలుగు లిపిలో రాసే వెసులుబాటు ఉండటం వల్ల దేవనాగరి నేర్వకుండానే ఆ పరీక్ష గట్టెక్కినవారు లెక్కలేనంతమంది. మొత్తం శాతం పెరగడమే లక్ష్యమైతే అది తీసుకోవడంలో తప్పు లేదు. తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు అదే. అయితే అది తెలుగును వదిలించుకొనే మార్గంగా మారడమే విచారకరం. పెన్న ఒడ్డున కూర్చొని భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కనకు "ఉభయకవిమిత్రుడు" అన్న బిరుదు ఉండేది, అంటే సంస్కృతాంధ్ర కవులిద్దరికీ చెలికాడని. ఆ ఊరి పిల్లలకు ఈ రెండు భాషల్లో ఒకటి రెండోదానికి పోటీగా కనబడుతున్నది. 2008లో ప్రాచీన హోదా పొందిన తెలుగుకు ఏర్పడిన విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి నెల్లూరుకే తరలివచ్చింది, తెలుగు ఎం.ఏ., పరిశోధన, ఉపాధ్యాయ వృత్తి, డీఎస్సీ ఆలోచనలో ఉన్నవారు ద్వితీయ భాషగా తెలుగే తీసుకోవాలి, ఇందులో రెండో మాట లేదు.

హిందీ ఆరో తరగతి నుంచి చదివినదే కనుక అక్షరాల కష్టం ఉండదు. 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు మన పట్టణాల్లో చాలామంది చిన్నప్పుడే రాసి ఉంటారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష దాటి ప్రవీణ వరకు పోయినవారికి డిగ్రీ హిందీ నల్లేరు మీద నడక. మన చిక్కంతా లింగం దగ్గరే. తెలుగులో స్త్రీకీ, వస్తువుకూ ఒకే "వచ్చింది" సరిపోతుంది, హిందీలో రొట్టె ఆడది, అన్నం మగది అని గుర్తుపెట్టుకోవాలి. బ్యాంకులు, రైల్వే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు, ఉత్తరాదిలో పని చేయాల్సిన వాణిజ్య ఉద్యోగాలు చూస్తున్నవారికి ఇది అక్కరకొచ్చే ఎంపిక.

మనం పట్టించుకోని భాష తమిళం. నెల్లూరు నుంచి చెన్నై 176 కిలోమీటర్లు. జబ్బు చేస్తే అక్కడి ఆసుపత్రికే పోతాం, ఉద్యోగానికీ అక్కడికే పోతాం, అయినా బస్సు మీది బోర్డు చదవలేం. క, గ లకు ఒకటే అక్షరం, ఒత్తు అక్షరాలు లేవు కనుక లిపి పదిహేను రోజుల పని. అంకెలు మొదలుకొని వాక్య నిర్మాణం దాకా పోలికలు కనబడుతూనే ఉంటాయి. మీ కళాశాలలో అది దొరికితే అదృష్టమనుకోండి; దొరకకపోతే సొంతంగా నేర్చుకోగల భాషల్లో దీనంత తేలికైనది మనకు మరొకటి లేదు.

జపనీస్, కొరియన్

పొదలకూరు అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. తడ దగ్గరి శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాన్ కంపెనీల కర్మాగారాలు ఉండటం, చెన్నై శివార్లలో హ్యుండయ్ ఉండటం, మన పిల్లల్లో ఈ రెండు భాషల మీద ఆసక్తికి ఒక కారణం. సినిమాలు, ధారావాహికలు, పాటలు మరొక కారణం. అదేమీ చిన్నచూపు చూడదగినది కాదు, ఎందుకంటే రోజూ చెవిన పడే భాషే నిలుస్తుంది.

తెలుగువాడికి జపనీస్ వ్యాకరణం ఆశ్చర్యకరంగా చేతికందుతుంది. "నేను నెల్లూరు నుంచి వచ్చాను" అన్న వాక్యాన్ని జపనీస్‌లో "వతాషి వ నెరూరు కర కిమాషిత" అంటారు. వతాషి అంటే నేను, "వ" ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పే ప్రత్యయం, "కర" అంటే నుంచి, "కిమాషిత" అంటే వచ్చాను. ఆ భాషలో ల ధ్వని లేదు కనుక నెల్లూరు కాస్తా నెరూరయింది. మాటల వరస ఎక్కడా మారలేదు, విభక్తి మన భాషలోలాగే మాట వెనకే అంటుకొని వచ్చింది. "వస్తానని చెప్పాడు" అనడానికి "కురు తొ ఇఇమాషిత" అంటారు, మన "అని" చేసే పనిని అక్కడ "తొ" చేస్తుంది. ఇంగ్లిషు మీదుగా నేర్చుకొనేవాడు ఈ వాక్యాన్ని తలకిందులు చేసి అర్థం చేసుకోవాలి, తెలుగు మీదుగా నేర్చుకొనేవాడికి ఆ అవస్థ లేదు. అందుకే మా విద్యార్థులకు నేను చెప్పేది, నోటు పుస్తకంలో ఇంగ్లిషు అర్థం రాసుకోవడం మానేసి తెలుగు అర్థం రాసుకోమని. హిరగాన అక్షరమాల కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ, తరువాత క వరుస, స వరుస, త వరుస అంటూ నడుస్తుంది. బౌద్ధంతోపాటు వెళ్లిన భారతీయ వర్ణమాల ప్రభావం ఆ వరుసలో ఉంది. నలభై ఆరు హిరగాన అక్షరాలు, విదేశీ మాటలకు వాడే కతకాన లిపిలో అన్నే అక్షరాలు ఒక నెలలో వస్తాయి. అసలు కొండ కంజి, అంటే చైనా నుంచి తెచ్చుకున్న, మాటకొక గుర్తుగా నడిచే లిపి. జపాన్‌లో నిత్య వ్యవహారానికి నిర్ణయించిన కంజి అక్షరాలు 2,136. అక్కడే చాలామంది ఆగిపోతారు.

ఆ భాషకు ప్రామాణిక పరీక్ష జేఎల్‌పీటీ, అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు, ఏటా జులై, డిసెంబరు నెలల మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. మనకు దగ్గరి కేంద్రం చెన్నై. అందులో మాట్లాడే పరీక్ష లేదన్నది గమనించాలి, సర్టిఫికెట్ ఉండి నోరు తెరవలేనివారు అందుకే కనబడతారు. ఎన్5తో ఉద్యోగం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2019లో జపాన్ తెచ్చిన నిర్దిష్ట నైపుణ్య కార్మికుల వీసాకే ఎన్4 గానీ, దానికి సమానమైన మరో పరీక్ష గానీ కావాలి, అనువాదకుల కొలువుకు ఎన్2 స్థాయి చూస్తారు. కర్మాగారంలో రోజువారీ పని తెలుగు, తమిళం, ఇంగ్లిషుల మీదనే నడుస్తుంది. ఇంజనీరింగ్ గానీ, నర్సింగ్ గానీ, అకౌంట్లు గానీ చేతిలో ఉన్నవారికి భాష అదనపు బలమవుతుందే తప్ప, భాష ఒక్కటే బతుకుతెరువు కావడం అరుదు.

కొరియన్ వ్యాకరణం గురించి చెప్పాలంటే పై మాటలే చాలావరకు మళ్లీ చెప్పాలి. తేడా లిపిలో ఉంది. రాజు సెజోంగ్ 1443లో రూపొందించి 1446లో ప్రజలకిచ్చిన హంగుల్‌లో ప్రాథమికాక్షరాలు ఇరవై నాలుగే. హల్లునూ అచ్చునూ కలిపి ఒక గడిలా కట్టి, చివరి హల్లును కింద పెట్టే పద్ధతి, ఒత్తులు రాసే చేతికి వెంటనే పట్టుబడుతుంది. కంజి వంటి కొండ ఇక్కడ లేదు. కాబట్టి చదవడం త్వరగా రావాలనుకొనేవారికి కొరియన్, అవకాశాల విస్తృతి చూసేవారికి జపనీస్ అని నా సలహా. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

జర్మన్, ఫ్రెంచి, అరబిక్

జర్మనీ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినబడుతున్నది, కారణం ఫీజు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య బయటివారి నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. ఐరోపా భాషల స్థాయిని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. ఎం.ఎస్. ఇంగ్లిషులో చదివేవారికి రెండో మెట్టు ఏ2 వరకు వస్తే ఇల్లు అద్దెకు తీసుకోవడం, దుకాణానికి పోవడం వంటి పనులు జరుగుతాయి. నర్సులకు మాత్రం అక్కడ గుర్తింపు రావాలంటే సాధారణంగా నాలుగో మెట్టు బీ2 కావాలి, కనుక నర్సింగ్ చదివేవారు జర్మన్‌ను మొక్కుబడిగా మొదలుపెట్టకూడదు. గోథె ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం మొదటి మెట్టు ఏ1కే నలభై ఐదు నిమిషాల పాఠాలు 80 నుంచి 200 దాకా కావాలి. మన మూడు క్రెడిట్ల కోర్సులో అటువంటివి అరవై మాత్రమే ఉంటాయి.

కష్టం ఎక్కడుందో భోజనాల బల్ల మీదనే చూపవచ్చు. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. ఉదయగిరి చెక్క చెంచాల కారిగరు ఎవరైనా వింటే నవ్వుతాడు, కానీ ఈ లింగాన్ని బట్టే వాక్యంలో విశేషణం, విభక్తి రూపం మారతాయి. కాబట్టి ప్రతి నామవాచకాన్నీ దాని ముందు వచ్చే డేర్, డీ, డస్‌లతో కలిపే బట్టీ పట్టాలి. విభక్తుల పేరు వింటే ఇంగ్లిషు పిల్లలు బెదురుతారు, బడిలో డుమువులు ప్రథమా విభక్తి అని వల్లించినవారికి ఆ భయం తక్కువ.

ఫ్రెంచికి లింగాలు రెండే, విభక్తుల బెడద లేదు, రాసిన అక్షరాల్లో సగం పలకకపోవడమే బాధ. కెనడాకు స్థిరనివాసం కోసం దరఖాస్తు చేయాలనుకొనేవారికి ఫ్రెంచి గట్టి అండ, అయితే ఆ ప్రయోజనం మధ్యమ స్థాయి దాటాక గానీ రాదు. ఆ ఆలోచన లేనివారు, జర్మన్ కన్నా సులువని విని ఫ్రెంచి తీసుకోవడం నాకు సమంజసంగా తోచదు.

అరబిక్‌ను మన కళాశాలలు ఆలోచనలోకే తీసుకోవు. మన మెట్ట ఊళ్ల నుంచి కువైట్‌కు, సౌదీకి పోయేవారి సంఖ్య చూస్తే ఇది వింతే. తరగతిలో నేర్పే ప్రామాణిక అరబిక్ వేరు, కువైట్ ఇంట్లో వినబడే మాట వేరు అన్నది ముందే తెలిసి ఉండాలి. ఉర్దూ లిపి వచ్చినవారికి సగం పని అయినట్టే. రానివారికి కూడా జిల్లా, వకీలు, హక్కు, అసలు వంటి అరబిక్ మూలమున్న మాటలు తెలుగులోనే బోలెడు దొరుకుతాయి. ఆసుపత్రి, హోటలు, లెక్కల ఉద్యోగాలకు గల్ఫ్ వెళ్లే డిగ్రీవారు ఒక సెమిస్టరైనా చదవడం మేలు. వైద్యవిద్యకు రష్యా వైపు వెళ్లేవారు బోధన ఇంగ్లిషులో ఉన్నా రోగితో మాట్లాడేది రష్యన్‌లోనే కనుక, ముప్పై మూడు అక్షరాల ఆ లిపిని విమానం ఎక్కకముందే నేర్చుకోవాలి. చైనీస్, స్పానిష్ నేర్పేవారు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ఎక్కడ చదవాలి

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో ఆర్భాటంగా జర్మన్ కోర్సు పెట్టారు. వారానికి రెండు రోజులు చెన్నై నుంచి వచ్చే అధ్యాపకుడు దసరా సెలవుల తరువాత రాలేదు. మిగిలిన పాఠాలను నోట్సు జిరాక్సులతో పూర్తి చేసి, పరీక్ష పెట్టి, అందరినీ ఉత్తీర్ణులను చేశారు. నలభై మంది మార్కుల పట్టికలో జర్మన్ ఉంది, వారిలో ఒక్కరికీ తమ పేరు జర్మన్‌లో చెప్పడం రాదు. ఆ కోర్సుకు విద్యార్థులను చేర్పించినవారిలో నేనూ ఉన్నాను గనుక, ఇప్పుడు ఎవరడిగినా ముందుగా అధ్యాపకుడు ఇక్కడే ఉంటారా, బయటి నుంచి వస్తారా అని విచారించమంటున్నాను.

కళాశాలలో నమ్మకమైన బోధన లేకపోతే కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక "స్వయం" ఉంది. ఐఐటీ కాన్పూర్ వారి జపనీస్ భాషా సంస్కృతుల కోర్సు, ఐఐటీ మద్రాస్ వారి జర్మన్ కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమమైన ఎన్‌పీటెల్ ద్వారా అందుబాటులోకి వచ్చినవే. 2021 నాటి నిబంధనల మేరకు ఒక సెమిస్టరులోని క్రెడిట్లలో 40 శాతం వరకు స్వయం కోర్సుల నుంచి తీసుకోవచ్చు, కానీ ఏ కోర్సును ఒప్పుకోవాలన్నది విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. కాబట్టి విక్రమ సింహపురి పరిధిలో ఉన్నా, ఒంగోలులోని ఆంధ్రకేసరి పరిధిలో ఉన్నా, నమోదు చేసుకోకముందే కళాశాల ద్వారా లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. వీడియో పాఠాల్లో మీ ఉచ్చారణను సరిదిద్దేవారు ఉండరన్నది వాటి ప్రధాన లోపం; ఇద్దరు ముగ్గురు కలిసి చేరి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఆ లోపం కొంత తీరుతుంది. చెన్నై నుంగంబాక్కంలోని గోథె ఇన్‌స్టిట్యూట్, అలయన్స్ ఫ్రాన్సేజ్ వంటి సంస్థలు బోధనలో మేలైనవి. నెల్లూరు నుంచి వారాంతాల్లో పోయిరావడం సాధ్యమే గానీ, ఒంగోలు నుంచి దాదాపు 290 కిలోమీటర్లు ప్రతి వారం తిరగడం ఎవరి వల్లా కాదు. ప్రకాశం జిల్లావారు అటువంటి సంస్థల ఆన్‌లైన్ తరగతులను చూసుకొని, పరీక్షకు మాత్రం చెన్నై వెళ్లడం మంచిది.

ఆ రోజు పొదలకూరు తండ్రీకూతుళ్లకు నేను చెప్పింది ఇదే. ద్వితీయ భాష గడిలో సంస్కృతం అని రాశాం, తండ్రి కోరిన మార్కుల కోసం. జపనీస్‌ను మార్కుల పట్టికకు బయట ఉంచి, మొదటి ఏడాది హిరగాన, కతకాన పూర్తిచేసి, రెండో ఏడాది డిసెంబరులో ఎన్5 రాయమన్నాను. మొన్న గ్రంథాలయంలో కనబడినప్పుడు ఆ అమ్మాయి నోటు పుస్తకం తెరిచి చూపించింది. ఎడమవైపు హిరగానలో వాక్యాలు, కుడివైపు తెలుగులో అర్థాలు, మధ్యలో ప్రత్యయాల కింద ఎర్ర సిరాతో గీతలు ఉన్నాయి. ఇంకా ఒక్క కంజి అక్షరం కూడా మొదలుపెట్టలేదు.